మందు పుట్టిన చోటు, అందాల్సిన చోటు: వైద్య పరిశోధన మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుణ్ణి. కొత్త మందు మీదో, చికిత్స మీదో రీసెర్చి చేస్తామని డాక్టర్లు అనుమతి అడిగితే, వైద్యం తెలియని మనిషిలా ఆ కాగితాలు చదివి, అర్థం కానిది అర్థం కాలేదని చెప్పడం నా పని. అలాంటివాడు ఒకడు కమిటీలో ఉండి తీరాలని మన దేశంలో నిబంధన. ఈ సంగతి తెలిసినప్పటినుంచి చుట్టాలు, పాత విద్యార్థులు, వాకింగ్‌లో కలిసేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

రీసెర్చి అంటే పెద్ద దేశాల ల్యాబుల్లో జరిగేది కదా. పేదవాళ్లకు దానివల్ల ఒరిగిందేమిటి?

చాలా ఒరిగింది. కాకపోతే ల్యాబులో తేలిన సంగతిని ఎవరో ఒకరు బురదలోకి దిగి పరీక్షించి చూసినప్పుడే ఒరిగింది. విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజ్ పొడి, అదే ఓఆర్ఎస్, దాని కథే తీసుకోండి.

కలరా వచ్చిన మనిషి ఒంట్లోంచి నీళ్లూ ఉప్పూ కొన్ని గంటల్లోనే పోతాయి. ప్రాణం తీసేది అదే. ఒకప్పుడు దీనికి సెలైన్ ఎక్కించడం ఒక్కటే దారి. దానికి సీసా కావాలి, సూది కావాలి, నరం దొరకబుచ్చుకోగల మనిషి కావాలి. కలరా వచ్చే ఊళ్లలో లేనివి సరిగ్గా ఇవే. 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త, పేగు గోడలోంచి సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి పోతాయని వివరించాడు. అప్పటికి అదొక జీవరసాయన విశేషం, అంతే. 1968లో ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు గ్లూకోజ్, ఉప్పు కలిపిన నీళ్లు కలరా రోగులకు కొలత ప్రకారం తాగించి, సెలైన్ అవసరం బాగా తగ్గిపోతుందని చూపించారు. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు నమ్మలేదు. నీళ్లు తాగి కలరా నుంచి బయటపడటమేమిటని వాళ్ల అనుమానం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. లక్షల మంది సరిహద్దు దాటి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర శరణార్థుల్లో కలరా చెలరేగింది. కలకత్తా నుంచి వెళ్లిన దిలీప్ మహలనబీస్ దగ్గర సెలైన్ అయిపోతోంది. ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ తూచి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లకు కలిపించి, రోగి పక్కన కూర్చున్న అమ్మకో అన్నకో గ్లాసు ఇచ్చి తాగిస్తూ ఉండమన్నాడు. అంతకుముందు శిబిరాల్లో నూటికి ముప్ఫై మంది దాకా పోతుండగా, ఆయన చూసినవాళ్లలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో పోయారు. మరుసటేడు పద్మవిభూషణ్ ప్రకటించారు.

క్రేన్‌కు వచ్చిన ప్రశ్న పేగు ఎలా పనిచేస్తుందని. ఢాకా డాక్టర్లకు వచ్చింది సూది లేకుండా కుదురుతుందా అని. నర్సు కూడా లేకుండా కుదురుతుందా అన్నది మహలనబీస్ ప్రశ్న. ఆ మూడోది శిబిరంలో నిలబడ్డవాడికి తప్ప రాదు. రీసెర్చికి డబ్బెంత పెట్టారని అందరూ అడుగుతారు. నాకైతే ప్రశ్న ఎక్కడ పుట్టిందన్నదే ముందు చూడాలనిపిస్తుంది.

అంత చవకైన మందు ఉండగా పిల్లలు విరేచనాలతో ఇంకా ఎందుకు పోతున్నారు?

మందు దొరకడంతో పని అయిపోదు గనక. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఊరూరా ఆడకార్యకర్తలను పంపింది. చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు: ఇదే పాఠం. కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లు తిరిగారు. దీన్లో మాస్టారిగా నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. పాఠం చెప్పి వచ్చాక వేరేవాళ్లు అదే ఇంటికి వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో అడిగి చూసేవారు. గుర్తున్నదాన్ని బట్టే కార్యకర్త చేతికి డబ్బు. నా ఉద్యోగంలో ఈ పద్ధతి ఉంటే నా జీతం ఎంత మిగిలేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

మన దేశం సంగతికి వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందినవాళ్లు సుమారు 60 శాతం. మిగతావాళ్లకు ఎందుకు అందలేదు? దీని మీద 2024లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కర్ణాటక, బిహార్‌లలో 253 పట్టణాల్లో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి, ఇంట్లో రెండేళ్ల పిల్లాడికి విరేచనాలని చెప్పే మనుషులను పంపారు. కొందరు ఓఆర్ఎస్ కావాలని అడిగారు, కొందరు యాంటీబయాటిక్ పేరు చెప్పారు, కొందరు ఏమీ అడగలేదు. కొన్ని ఊళ్లలో వైద్యులకు ఓఆర్ఎస్ సరుకు ముందే పంపి ఉంచారు. చివరికి తేలిందేమిటంటే, సరుకు లేకపోవడం వల్ల రాయనిది 6 శాతం, యాంటీబయాటిక్‌లో మిగిలే లాభం కోసం రాయనిది 5 శాతం. 42 శాతం మాత్రం, పేషెంటుకు ఓఆర్ఎస్ ఇష్టం ఉండదులే అని డాక్టరే అనుకోవడం వల్ల.

మనమూ అంత అమాయకులం కాం. సెలైన్ ఎక్కిస్తేగాని వైద్యం జరిగినట్టు ఒప్పుకోని ఇళ్లు మనవి. అక్కడ డాక్టరు మన మనసు చదివాననుకుంటాడు, ఇక్కడ మనం నోరు విప్పం.

ఇంకో చిక్కు. చక్కెర దట్టించిన పానీయాలకు ఓఆర్ఎస్ అని పేరు తగిలించి మందుల షాపుల్లో అమ్మారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశమిచ్చింది. అసలైన ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉంటుంది. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరులో కలపాలి, రోజు దాటితే పారబోయాలి.

విదేశాల్లో పరీక్షించి చూసిన మందును మళ్లీ మన దగ్గర పరీక్షించడం దండగ కాదా?

ఒక్కోసారి దండగే. చాలాసార్లు కాదు. దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఆఫ్రికాది.

తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిన్న స్థితిలో వచ్చిన పిల్లాడికి సెలైన్ వేగంగా ఎక్కించాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు ఐసీయూలున్న దేశాల్లో రాసినవి. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద దీన్ని పద్ధతిగా పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వేగంతో ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో చనిపోయినవాళ్లు 7.3 శాతం. వేగంగా ఎక్కించినవాళ్లలో పదిన్నర శాతం. పుస్తకం ప్రకారం నడుచుకున్న చోటే ఎక్కువమంది పోయారు. ఆ ట్రయల్ జరగకపోతే, ఐసీయూ లేని ఆసుపత్రుల్లో మంచి మనసున్న డాక్టర్లు ఇవాళ్టికీ అలాగే ఎక్కిస్తూ ఉండేవాళ్లు.

నోటిలో వేసే రోటావైరస్ టీకాల సంగతీ ఇలాంటిదే. సంపన్న దేశాల్లో తీవ్రమైన జబ్బును 85 శాతానికి పైగా ఆపినవి, పేద దేశాలకొచ్చేసరికి సుమారు 40–60 శాతం దగ్గర ఆగాయి. హైదరాబాద్‌లో తయారైన రొటావాక్‌ను ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసివాళ్ల మీద పరీక్షిస్తే మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం వచ్చింది. చూడ్డానికి తక్కువ మార్కులే. కానీ జబ్బు అంత ఎక్కువగా ఉన్న చోట ఆ సగం కూడా చాలామంది పిల్లలు. డోసు ఒక్క డాలరుకే ఇస్తామని తయారీదారు ముందే మాట ఇచ్చారు. 2016లో ప్రభుత్వ టీకాల్లో దాన్ని మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

యంత్రాలకూ పక్షపాతం ఉంటుంది. కోవిడ్ రోజుల్లో మనమంతా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు చర్మంలోంచి వెలుతురు పంపి లెక్క కడుతుంది. అది 92–96 చూపిస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే నిజానికి 88 కంటే తక్కువున్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం అని 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు బయటపెట్టారు. అది ఎప్పటినుంచో వాడుతున్న యంత్రం.

మన ఇళ్ల సంగతి ఒకటి. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు వాడే సక్సామిథోనియం అనే మందు కండరాలను కొద్ది నిమిషాలు మాత్రమే సడలిస్తుంది. దాన్ని విరిచేసే ఎంజైము పుట్టుకతో లేనివాళ్లకు అది గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచాలి. ఆ ఎంజైము లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి కారణమని జన్యు పరిశోధకులు చెబుతారు. కాబట్టి మత్తు డాక్టరు మీదే కులమని అడిగితే కోప్పడకండి, ఆ ఒక్కచోట ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇలాంటివి ఇంకెన్ని కులాల్లో ఎన్ని దాగి ఉన్నాయో యూరప్ జన్యువులు చదివితే తెలియదు. అందుకే మన దేశంలో పదివేల మంది జన్యుక్రమాలు సేకరించి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు తెరిచారు.

కొత్త మందు కనిపెడితేనే రీసెర్చా? పేదవాడికి ముందు తిండి కావాలి కదా?

ఈ ప్రశ్న వేసినాయన కమ్యూనిస్టు. నన్ను ఇరికిద్దామనుకున్నాడు గానీ, తిండి మీద కూడా రీసెర్చి జరిగింది.

1950ల్లో క్షయ అంటే శానటోరియం. మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి. మన దేశంలో రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లో ఉన్నాయి. 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టి, 193 మంది పేద రోగులను చీటీలు తీసినట్టు రెండుగా విడదీసి, సగంమందిని శానటోరియంలో పెట్టారు, సగంమందిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి అవే మందులిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లు సరైన తిండీ విశ్రాంతీ లేకుండానే దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడమూ పెరగలేదు. 1959లో ఇది అచ్చయ్యాక ప్రపంచమంతటా శానటోరియంల రోజులు దగ్గరపడ్డాయి. ఒక్క కొత్త మందు కనిపెట్టకుండా, మంచం దొరకని లక్షల మందికి వైద్యం తలుపు తెరిచిన ట్రయల్ అది.

అయితే తిండి అక్కర్లేదని అర్థమా? చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు. ఆ మాట సరిచేయడానికి అరవై ఏళ్లు పట్టింది. అదే మద్రాసు కేంద్రం, ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులతో, పదివేలకు పైగా వాళ్ల కుటుంబసభ్యులతో ఇంకో పరిశోధన చేసింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే డాక్టర్లు ముందుండి నడిపించారు. సగం కుటుంబాల్లో ఇంట్లో ప్రతి మనిషికీ నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల క్షయ 48 శాతం. 2023లో ఫలితాలొచ్చాయి. మరుసటేడు నవంబరు నుంచి రోగికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పోషణ సాయం 500 నుంచి వెయ్యి రూపాయలైంది. బియ్యం, పప్పు ఇలా టీకాలా పని చేస్తే ఆ కమ్యూనిస్టు మిత్రుడు గెలిచినట్టే, నేనూ ఒప్పుకుంటాను.

కాన్పు తర్వాత రక్తస్రావం ఇంకో ఉదాహరణ. తల్లి రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో గీతలున్న ప్లాస్టిక్ సంచీ తల్లి కింద పరిచి రక్తం కొలిచారు. గీత దాటగానే, మర్దనా దగ్గర్నుంచి మందుల దాకా చేయాల్సినవన్నీ ఒకదాని వెనక ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం, అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. ఆ మందులన్నీ పాతవే.

మనల్ని ప్రయోగాల ఎలుకల్ని చేస్తున్నారా?

చేసిన సందర్భాలున్నాయి. మన ఖమ్మం జిల్లానే చూడండి.

2009లో పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి వేశాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదంది. కానీ సమ్మతి పత్రాలు తిరగేస్తే కంపు బయటపడింది. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక లెక్క ప్రకారం, రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులు బతికి ఉండగా వార్డెన్ సంతకమేమిటి? టీకా మంచిదే. అడగకుండా వేయడం మంచిది కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడం మనకు కష్టంగా ఉంటుంది. అందుకే ఖమ్మం పేరెత్తితే ఒకరు టీకాలనే తిడతారు, ఇంకొకరు అడిగినవాళ్లను తిడతారు.

దీనికో తోక ఉంది. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల రెండు డోసులు చాలా, మూడు కావాలా అని ఇరవై వేల మంది ఆడపిల్లలతో ఇంకో పరిశోధన నడుస్తోంది. ఖమ్మం గొడవతో దాన్ని కూడా మధ్యలో ఆపేశారు. దాదాపు ఐదు వేల మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు వెంట ఉండి చూస్తే, ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతోందని తేలింది. తర్వాత కెన్యాలో పద్ధతిగా చేసిన ట్రయల్ కూడా అదే చెప్పింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని అంగీకరించింది. అంటే ఒకే డబ్బుతో రెండింతలు, మూడింతల మంది ఆడపిల్లలకు టీకా. ఇంత మంచి జరిగింది కదా అని ఖమ్మంలో జరిగింది ఒప్పయిపోదు.

సగంమందికి మందు, సగంమందికి ఉత్త మాత్ర. ఇది అన్యాయం కాదా?

పనిచేసే మందు ఉందని తెలిసీ ఉత్త మాత్ర ఇస్తే అన్యాయమే, అలాంటిదొస్తే మా కమిటీలో గట్టిగానే అరుస్తాం. అప్పటికే ఉన్న మంచి మందుతో కొత్తదాన్ని పోల్చాలి. అసలేదీ తెలియనప్పుడు చీటీ వేయడమే న్యాయం. పైన ఆఫ్రికా పిల్లల సంగతి చదివారు కదా, ఆ ట్రయల్లో సెలైన్ వేగంగా ఎక్కించని వైపు పడ్డవాళ్లే అదృష్టవంతులు.

కొత్త మందులు లక్షల్లో ఉంటున్నాయి. కనిపెట్టి ఏం లాభం?

ధర అనేది ప్రకృతి నియమం కాదు. ఎయిడ్స్ మందులు ఏడాదికి పదివేల డాలర్లకు పైన ఉన్న రోజుల్లో, 2001లో సిప్లా 350 డాలర్లకు ఇస్తానంది. ఆఫ్రికాలో చికిత్స ఊపందుకోవడానికి అదొక మలుపు.

ఇప్పుడు లెనకపవిర్. హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకొకసారి వేసుకునే ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది వేయించుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ సోకలేదు. 2024లో ఈ కబురు విని నేను లెక్క తప్పు పడిందేమో అనుకున్నాను. అమెరికాలో దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీలు 2027 నుంచి 120 పేద, మధ్యాదాయ దేశాలకు దాన్ని 40 డాలర్లకు ఇస్తామని ప్రకటించాయి. సంతోషమే. కానీ రెండో ట్రయల్‌కు తమ మనుషులను ఇచ్చిన బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ ఆ చవక లైసెన్సు జాబితాలో లేవు. ట్రయల్‌కు పనికొచ్చిన దేశం ధర తగ్గించడానికి పనికిరాకుండా పోయింది. నన్నడిగితే ఎథిక్స్ కమిటీలు ఈ మాట ట్రయల్ మొదలుకాకముందే అడగాలి: పనిచేస్తే ఇది మావాళ్లకు ఎంతకు ఇస్తారు?

మన తెలుగువాళ్లు చేసిందేమైనా ఉందా?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి పిల్లలకు చెప్పే ఉంటారు. అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తెచ్చిన డైఇథైల్ కార్బమజైన్ అనే మందే, బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర. ఇంటిముందుకొచ్చి మింగమంటే జేబులో వేసుకుని తర్వాత పారేస్తాం చూడండి, అదే.

ఉద్దానంలో ఇన్నేళ్లుగా పరిశోధిస్తున్నారు. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఎందుకు తేలలేదు?

ఇది సోంపేట నుంచి పాత విద్యార్థి అడిగిన ప్రశ్న. నాకు దీని జవాబు రాయడానికి చేయి రాలేదు చాలా రోజులు.

కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస: కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు నెమ్మదిగా పోతాయి. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి ఒంట్లో నీళ్లు ఇంకిపోవడమన్నారు, జన్యువులన్నారు. ఇదీ కారణమని ఇంకా ముడి పడలేదు. శ్రీలంక ఉత్తరమధ్య రాష్ట్రంలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్‌సాల్వడార్‌లలో చెరకు కోసేవాళ్లకూ ఇదే తీరు. అన్నీ ఎండా, కాయకష్టమూ ఉన్న చోట్లే. అన్నీ పరిశోధన డబ్బు ఆలస్యంగా వెళ్లిన చోట్లే. జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, నొప్పి ఉండదు, తెలిసేసరికి డయాలసిస్. అందుకని జబ్బు వచ్చాక మనుషులను చూస్తే కారణం దొరకదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పదిపదిహేనేళ్లు వెంటాడి చూడాలి. మన దగ్గర జరిగినవి ఎక్కువగా ఒక్కసారి వచ్చి రక్తం, నీళ్లు తీసుకుపోయే సర్వేలు.

నికరాగువాలో వాళ్లు ఒక పని చేశారు. కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా, చెరకు కార్మికులకు నీళ్లు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి ఖాయం చేసి, కిడ్నీలకు దెబ్బ తగ్గుతోందా అని చూశారు. తగ్గింది. ఉద్దానానికి కుళాయి నీళ్ల పథకం, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, దానికి అనుబంధంగా పరిశోధన కేంద్రం వచ్చాయి. ఆ కేంద్రం సర్వేలకు పోకుండా ఊళ్లను ఏళ్లతరబడి వెంటాడే ఓపిక చూపిస్తుందా అన్నదే చూడాలి.

నన్ను ట్రయల్లో చేరమన్నారు. ఏమని అడగాలి?

ముందు సమ్మతి పత్రం ఇంటికి పట్టుకెళ్లి చదువుకుంటానని అడగండి. ఇవ్వనంటే అక్కడికే ఆగిపోండి. తెలుగులో ఉండాలి, అదీ మనుషులు మాట్లాడే తెలుగులో. మా కమిటీకి వచ్చే పత్రాల్లో 'యాదృచ్ఛికీకరణ' అనే మాట నేను కనీసం ముప్ఫైసార్లు కొట్టేసి 'చీటీలు తీసినట్టు' అని రాశాను. ఒకసారి అనువాదకుడు నా మీద అలిగాడు కూడా.

నేను చేరకపోతే నాకు ఇప్పుడిస్తున్న వైద్యం ఆగుతుందా అని అడగండి. ఆగకూడదు. మధ్యలో మానేసినా అంతే. ట్రయల్ వల్ల ఒంటికి దెబ్బ తగిలితే 2019 నిబంధనల ప్రకారం ఉచితంగా వైద్యం చేయించాలి, దానివల్లే అని తేలితే పరిహారమివ్వాలి. సీటీఆర్ఐ అనే ట్రయళ్ల జాతీయ జాబితాలో దాని నంబరు అడగండి. 2009 నుంచి మన దేశంలో ప్రతి మందు ట్రయలూ ఆ జాబితాలో నమోదు కావాలి, దాన్ని ఎవరైనా చూడొచ్చు. మందు పనిచేస్తే ట్రయల్ అయ్యాక నాకు దొరుకుతుందా అని కూడా అడగండి. ఈ చివరి ప్రశ్నకు డాక్టరు కాస్త నీళ్లు నమిలితే కంగారు పడకండి, మేమడిగినా అలాగే నములుతారు.

మా ఊళ్లో శిబిరం పెట్టి రక్తం తీసుకున్నారు. రెండేళ్లయింది, రిపోర్టు లేదు. ఎవరిని అడగాలి?

మీరు సంతకం పెట్టిన పత్రం నకలు మీ దగ్గర ఉండాలి. దాని చివర ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఫోను చేయండి, తర్వాత ఒక ఉత్తరం కూడా రాయండి. ఉత్తరమొస్తే కమిటీ సమావేశంలో పెట్టక తప్పదు, పరిశోధకుణ్ణి పిలిచి అడగక తప్పదు. నకలు ఇవ్వలేదంటారా, అది ఇంకా పెద్ద ఫిర్యాదు. శిబిరం ఏ తేదీన, ఏ బడి దగ్గర పెట్టారో, వచ్చినవాళ్ల చొక్కా మీదో బ్యానరు మీదో ఏ సంస్థ పేరుందో గుర్తున్నంత రాయండి. ఊళ్లో ఇంకెవరి రక్తం తీసుకున్నారో వాళ్లందరి చేతా సంతకాలు పెట్టించండి. ఈసారి వార్డెన్ చేత వద్దు.